చేపల నీళ్లు, మెత్తని బ్రేకు

సూళ్లూరుపేట, 1963, ఆదివారం రాత్రి

టాక్సీ ఓనరు పెంచలయ్య ఈరోజు స్టాండులో అందరి ముందూ డ్రైవరు మస్తానన్నను అవమానించాడు. బ్రేకు పడటంలేదని అన్న చెబితే, "నీ కాల్లో సత్తువ లేదు, ఇంకో డ్రైవర్ని చూసుకుంటా" అన్నాడు. నా రక్తం ఉడికిపోయింది. ఆ పాత కారును మా మెకానిక్ షెడ్డులోకి నెట్టుకొచ్చాం.

పెడలు ఒక్కసారి తొక్కితే అడుగుదాకా దిగిపోతోంది. వరసగా తొక్కితే గట్టిపడుతోంది. అంటే బ్రేకు నూనె పారే గొట్టంలో గాలి చేరింది. ఎక్కడినుంచి? గొట్టమంతా తుడిచి, అమ్మనడిగి తెచ్చిన ముగ్గుపిండి అద్దాను. అన్న తొక్కుతూ ఉంటే వెనక చక్రం దగ్గర పిండి నూనెతో తడిసింది. అక్కడ గొట్టం తుప్పుపట్టి చిల్లిపడింది. పెంచలయ్య డిక్కీలో ఎక్కించే చేపల బుట్టల ఉప్పునీళ్లు ఇన్నాళ్లూ దానిమీదే కారాయి.

మస్తానన్న పకపకా నవ్వాడు. "నా కాలు బాగానే ఉండాదన్నమాట. ఈ సంగతి మీ వదినకి గూడా చెప్పబ్బయ్యా, ఆమె గూడా నన్ను ముసిలోడంటా ఉండాది."

ఆ నవ్వుతో నా కోపం సగం దిగింది. మనసు తేలికగా ఉంది. కానీ మిగతా టాక్సీల్లోనూ అవే బుట్టలు. వాటి గొట్టాలు ఎట్లున్నాయో...

రేపు డ్రైవర్లందరినీ పిలవాలి. పెంచలయ్య కొత్త గొట్టం వేయించి, మస్తానన్నకు తప్పయిందని చెప్పేదాకా ఏ బండీ కదలకూడదు. పొద్దున ఆరింటికి, స్టాండులో, అందరూ.