నలభై ఎనిమిది మంది నాయనమ్మలు

బుల్లెమ్మా, కాలేజీ నుంచి రాగానే ముందుగా కంప్యూటర్ తెరిచి నాయనమ్మల సంఖ్యను ఒకటికి తగ్గించగలవు. ఒకరి నుదుటి మీద చెత్తబుట్ట బొమ్మ ఉన్నది. దానిని తక్షణం పక్కకు జరుపు.

జరిగినది ఇది. కంప్యూటర్‌లో నీవు ఎక్కించిన ఆ లినక్స్‌లో ఏదైనా మన ఇష్టప్రకారం మార్చుకోవచ్చునని నీవే అన్నావు. అందువల్ల తెర మీద మీ నాయనమ్మ ఫొటో స్వయంగా పెట్టాను. "సాగదీయి" అన్నది నొక్కగా ఆమె ద్వారబంధమంత వెడల్పయినది. దానిని సరిదిద్దబోయి "పలకలుగా పరుచు" అన్నది నొక్కాను. నలభై ఎనిమిది మంది వచ్చారు. రెండుసార్లు లెక్కించాను.

అసలు నాయనమ్మ కళ్లజోడు పెట్టుకొని చూసి, "ఒక్కదానితోనే వేగలేనంటారు, ఇంతమందిని ఎందుకు తెచ్చుకున్నారండీ?" అన్నది. ఉదయం నుంచి నాతో మాటలు లేవు. ఆమెను సంతోషపెట్టాలన్నదే నా ఉద్దేశమని వీలు చూసి నీవే చెప్పు. నేను చెబితే సంజాయిషీలా ఉంటుంది.

గ్రంథాలయానికి వెళుతున్నాను. ఇది పారిపోవడం కాదు.

తాతయ్య

మరిచాను. చెప్పులు వేసుకుంటూ ఉండగా ఆమె వచ్చి, "పై వరుసలో మూడోది కాస్త నయం, దాన్ని ఉంచమనండి" అన్నది. అన్నీ ఒకే ఫొటో అని నేను చెప్పలేదు. నీవూ చెప్పవద్దు.