కొత్త గిన్నెల మర్యాద

మే 14, రాత్రి

కైకలూరు చేరాను. కాలేజీలో మిగతా లెక్చరర్లంతా సెలవులకి అరకు వెళ్ళారు. కైకలూరులో చూడ్డానికి ఏముందని నవ్వారు. తినడానికి ఉంది కదా అన్నాను. పురోహితుడి కూతుర్ని. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి, చేపల పులుసు రుచి తెలీదు. నా కొలీగ్ కనకమహాలక్ష్మిది ఈ ఊరే. వాళ్ళమ్మ మరిడమ్మగారి పులుసు గురించి స్టాఫ్‌రూమ్‌లో విని విని నోరూరిపోయింది.

రాత్రి ముద్దపప్పు, వంకాయ కూర పెట్టారు. ప్రయాణం చేసి వచ్చానని తేలిగ్గా పెట్టారేమో.

మే 15

పొద్దున్నే మార్కెట్. ఐస్ ఆడించే మెషీన్ల మోత, చేపల మేత బస్తాల లారీలు, ట్రేలలో శీలావతి చేపలు. బేసిన్‌లోంచి బతికున్న కొరమేను ఎగిరి నా చీరంతా తడిపేసింది. అమ్మే ఆవిడ చేతికి బూడిద రాసుకుని దాన్ని ఒడిసిపట్టి, భయపడకండమ్మా, ఏం చెయ్యదండీ అంది. పక్కనే బండి దగ్గర అల్లం చట్నీతో పెసరట్టు తిన్నాను. ఎంత హాయిగా ఉందో.

మధ్యాహ్నం బీరకాయ పప్పు.

మే 16

దొండకాయ.

మే 16, సాయంత్రం

ఇప్పుడు తెలిసింది. వంటింట్లో గిన్నెలన్నీ కొత్తవి, కొన్నిటికి స్టిక్కర్లు కూడా పోలేదు. నాకోసమే కొన్నారు. నేనున్నన్నాళ్ళూ ఇంట్లో చేప వండకూడదనుకున్నారట. కనకం వాళ్ళ నాన్న సోమరాజుగారు చెరువు దగ్గర షెడ్డులో తినొస్తున్నారు. కనకం, వాళ్ళమ్మ పక్కింటి పెరట్లో కూర్చుని చేప తింటుంటే నా కంటబడ్డారు.

ఏడుపొచ్చింది. నాకూ పెట్టండి, అందుకే వచ్చాను అన్నాను. కనకం ముందే చెప్పిందట, వాళ్ళమ్మే వినలేదట. పంతులుగారి అమ్మాయికి చేప పెట్టామంటే నలుగురిలో మాకు మాట రాదాండీ, మీ నాన్నగారు ఏమనుకుంటారండీ అన్నారు మరిడమ్మగారు. ఈ ఇంట్లో నేను చుట్టాన్ని కాను, వాళ్ళు పట్టిన వ్రతాన్ని. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించను?

మే 17, ఉదయం

నాన్నగారికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఆయన ఫోన్ ఆ ఇంటావిడకిమ్మన్నారు. మరిడమ్మగారు కొంగు భుజాన కప్పుకుని, ఆయ్, ఆయ్ అంటూ విన్నారు.

ఏమన్నారని అడిగితే చెప్పారు. మాకిష్టం లేదండీ, కానీ దాని ఇష్టం దానిది, దానికి ముల్లు తీయడం రాదు, కాస్త మీరే తీసి పెట్టండి అన్నారట.

ఆవిడ వెంటనే సంచి తీసుకుని మార్కెట్‌కి బయల్దేరారు.

మే 18

పులుసు నిన్న సాయంత్రమే కాచారు. ఒక రాత్రి నిలవుంటేనే రుచట, అందుకని ఇవాళ పెట్టారు. నలుగురం ఒకే వరసలో కూర్చున్నాం. నిజం చెప్పాలంటే చేప ముక్క నాకంతగా నచ్చలేదు. పులుసన్నం మాత్రం మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాను.

మరిడమ్మగారు ముల్లు తీసిన ముద్ద పట్టుకుని, నోరు తెరవ్వే అన్నారు.