అడగలేదన్న ప్రార్థన

అన్నా, వందనాలు.

నువ్వు పాస్టరువయ్యాక పుంగనూరులో మన సంఘంవాళ్లు ఎవరు చనిపోయినా గుంత తవ్వింది మా ఆయనే. ఏటా సమాధుల పండుగకు అమ్మ సమాధికి సున్నం కొట్టిందీ ఆయనే. తన ప్రాణం తానే తీసుకున్నాడని ఆ సమాధుల తోటలో ఆయనకు చోటివ్వలేదు నువ్వు. "ఆఖరికి ప్రార్థన కూడా అడగలే, ఆయప్పకు రక్షణ లేదమ్మా" అన్నావు. ఆ మాట నమ్మి, సదుం దగ్గర మా చేను గట్టున పూడ్చుకున్నాను.

నిన్న ఆయన ఫోను తెరిచి చూశాను. చనిపోయిన రోజు పొద్దున నీకు మూడుసార్లు చేశాడు. నువ్వు ఎత్తకపోతే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "బావా, మనసు బాగలేదు. నాకోసరం ప్రార్థన సెయ్యి." నువ్వు విన్నట్టు నీలం గుర్తు ఉంది.

ఇన్నాళ్లూ ఆయన రక్షణ కోసం ఏడ్చాను. ఇప్పుడు నీకోసం ప్రార్థన చేద్దామంటే నోరు రావడం లేదు.

అమ్మ కడుపున నీ తర్వాత పుట్టిన
చెల్లెలు