మీ బిడ్డలను తీసుకురండి

తాండూరు,
14-2-1963

అమ్మకు వందనాలు.

నేను బాగున్నాను. నాయన దగ్గు తగ్గిందనీ, మీరంతా కులాసా అనీ మత్తయ్య మామ చేత పంపిన నీ ఉత్తరం చూసి మనసు కుదుటపడింది. నీకు కూడబలుక్కుని చదవడం తేలికని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

నువ్వు రెండు సంగతులు అడిగావు. మొదటిది, కిందటి ఉత్తరం చివర నేను ‘మీ కుమార్తె’ అని రాస్తే ఎవరో పరాయిపిల్ల రాసినట్టుందన్నావు. దానికి జవాబు తర్వాత చెబుతాను. రెండోది, “గీ ప్రచారం అంటే ఏం నౌకరి? అచ్చేసిన అబద్ధాలు పంచుడేనా?” అన్నావు. కాదమ్మా. ఒకరు చెప్పదలచుకున్న మాటను వేలమందికి చేరవేయడం. సబ్బు కంపెనీ వాళ్లు చెప్పమంటే సబ్బు గురించి, సర్కారు చెప్పమంటే టీకాల గురించి. మా హైదరాబాదు ఆఫీసులో మూడు నెలలుగా నేను చేసింది కరపత్రాల తప్పులు దిద్దడమే. ఎవరితోనూ మాట్లాడనక్కర లేదని సంతోషించాను.

మా పెద్ద చంద్రశేఖర్ గారు గుడివాడ మనిషి, మంచివారు. మశూచి టీకాల ప్రచారానికి నన్నూ తాండూరు రమ్మంటూ, “ఈసారి ప్రకటన మీరే రాయండి. మీరు ఈ పనికి పనికొస్తారో లేదో అక్కడ తేలుస్తాను” అన్నారు. పనికిరానంటే నీ దగ్గరికి వచ్చి, కాన్వెంటు బడిలో మదర్ గారు నాకోసం ఆపి ఉంచిన టీచరు పనిలో చేరాలి. ఆమె ఈస్టరు దాకా ఆగుతానన్నారని నువ్వు మూడుసార్లు రాశావు. మరచిపోలేదు.

ప్రకటన రాశాను. ‘తల్లులారా, రేపు ఉదయం మీ బిడ్డలను బడి దగ్గరికి తీసుకురండి. టీకా వేయించి మశూచి నుంచి కాపాడుకోండి.’ ప్రార్థన పుస్తకంలో దేవుని బిడ్డలంటే అందరమూ కదా. ఆ మాట అక్కడి నుంచే తీసుకున్నాను. చంద్రశేఖర్ గారికి ఎంతో నచ్చింది. మంగళవారం సాయంత్రం వ్యాను మీది లౌడ్‌స్పీకర్‌లో ఆయనే చదువుతూ రాళ్ల గనుల పక్క బస్తీలన్నీ తిరిగారు.

మర్నాడు బడి ముందు నేను చూసింది నీకెలా చెప్పను? అంతమంది ఆడపిల్లలను కాన్వెంటులో కూడా ఒక్కచోట చూడలేదు. తలకు నూనె, కళ్లకు కాటుక, జడల్లో బంతిపూలు. రాతిపొడి అంటిన రవికలతో తల్లులు, పండుగకు ముస్తాబైనట్టు పిల్లలు. కాగితం మీద నేను రాసిన ఒక్క వాక్యానికి ఇంతమంది నడిచి వచ్చారా అని నాకు నమ్మబుద్ధి కాలేదు.

డాక్టరు గారు అటూ ఇటూ చూసి, “మగపిల్లలేరీ?” అన్నారు.

ముందు నిలబడ్డ రుక్కమ్మ అనే ఆమె జవాబిచ్చింది. “బిడ్డలని చెప్పిన్రు గద సారూ. కొడుకుల మాట యాడ చెప్పిన్రు? నేనైతే అత్తగారింట్ల ఉన్న పెద్దబిడ్డను గూడ రాత్రికి రాత్రే ధారూర్ నుంచి పిలిపించిన.”

“బిడ్డలంటే అందరూనమ్మా. కొడుకైనా బిడ్డే కదా” అన్నారు చంద్రశేఖర్ గారు.

“కొడుకు బిడ్డెట్లయితడు?” రుక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “మీ దిక్కు గట్లంటరా సారూ? పాపం.”

అందరూ నవ్వారు. పళ్లు లేని మొగులమ్మ అనే ముసలామె వరుసలోంచి చెయ్యి చాపింది. “నేను గూడ ఒక తల్లి బిడ్డనే. నాకు ఏస్తరా, ఎయ్యరా?”

చంద్రశేఖర్ గారు మాత్రం నవ్వలేదు. “మీరు వికారాబాదు వాళ్లే కదా సలోమీ. మీకూ తెలియదా?” అని నెమ్మదిగా అడిగారు. పుట్టినప్పటి నుంచి నువ్వు నన్ను ఏమని పిలుస్తున్నావో అప్పుడు గుర్తొచ్చిందమ్మా. మన దిక్కు బిడ్డంటే కూతురే. నా పని అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆయన మైకులో, “బాలబాలికలందరినీ తీసుకురావలసిందిగా కోరుతున్నాం” అన్నారు. ఒక్కరూ కదలలేదు. మళ్లీ అన్నారు. ఆ తర్వాత మైకు నా చేతిలో పెట్టారు.

వాకిట్లో నిలబడి, బావి దగ్గరున్న నన్ను నువ్వెలా కేకేసేదానివో తలచుకుని నోరు తెరిచాను. “అమ్మలారా, తప్పు నాది. బిడ్డలని రాసింది నేనే. కొడుకులను గూడ తోలుకరాండ్రి. చిన్నోళ్లు, పెద్దోళ్లు, అందరికీ ఏస్తరు. జర జల్ది రాండ్రి.”

నా గొంతు, గనుల్లో తీసి తెచ్చి నిలబెట్టిన బండల వరుసలకు తగిలి తిరిగొచ్చింది. అది నీ గొంతులా ఉంది. తల్లులు ఇళ్లవైపు పరుగెత్తారు. రుక్కమ్మ చిన్నబిడ్డ భుజం పట్టి, “నీ జాగ తమ్మునికి పట్టిపెట్టు. నువ్వు ఎనకకు పో” అంటోంది. అది విని, ఎవరూ చెప్పమనని మాట నా నోట వచ్చేసింది. “బిడ్డలు ముందుగాల వచ్చిన్రు. ముందుగాల వాళ్లకే. కొడుకులు ఎనక నిలవడుతరు.”

రుక్కమ్మ వ్యాను వైపు చూసింది. ఏమంటుందోనని భయపడ్డాను. పిల్ల భుజం మీద చెయ్యి తీసేసి, “సర్కారు మాట” అంటూ కొడుకు కోసం వెళ్లిపోయింది.

పొద్దెక్కేదాకా ఆ వరుసను చూస్తూ నిలబడ్డాను. ముందు అక్కలు, చెల్లెళ్లు. వెనక అన్నలు, తమ్ముళ్లు. ఎవరూ ఎవరినీ తోయలేదు. మాటకు ఇంత బలముంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సాయంత్రం చంద్రశేఖర్ గారు కాగితాలు నా ముందు పెట్టారు. “తర్వాత వెళ్లే ఊరు కుల్కచర్లకు కరపత్రం రాయండి. అచ్చుకిచ్చే ముందు మీ అమ్మగారికి చదివి వినిపించండి. ఈ పనిలో ఉంటారా?” అన్నారు.

అమ్మా, ఉంటానన్నాను. నిన్ను అడగకుండానే అన్నాను. ఇంకోటి కూడా చెప్పాలి. సోమవారం తాండూరు వస్తూ రైలు వికారాబాదులో ఆగింది. స్టేషను బయట మన చర్చి దారి కనిపించింది. దిగలేదు. దిగితే మదర్ గారికి ఏం చెప్పాలని నువ్వు అడుగుతావు, నీ ముఖం చూస్తే టీచరు పనికి ఒప్పుకుంటాను. అప్పటికే నాకది ఇష్టం లేదు. ఆ మాట నాకే చెప్పుకోలేదు.

ఆదివారం తప్పకుండా దిగుతాను. కోప్పడు, వింటాను. మదర్ గారికి నేనే చెబుతాను. తర్వాత కరపత్రం చదువుతాను. నీకు సమజ్ కాని మాట ఎక్కడ తగిలినా ఆపు, కొట్టేస్తాను.

నాయనకు వందనాలు చెప్పు.

ఇట్లు,
నీ బిడ్డ
సలోమి