అమ్మ చెవితమ్మెలు

అమ్మకు, జ్వరం తగ్గింది, బెంగపడకు. జీవశాస్త్రం పరీక్ష దగ్గరపడింది. హాస్టల్లో నా పక్కమంచం అమ్మాయికి నేను గుండె బొమ్మ నేర్పుతుంటే, తను నాకు వంశవృక్షం ప్రశ్న నేర్పుతోంది. నిన్న మన ఇంటిదే వేశాం. నాన్న చెవితమ్మెలు చెంపకి అతుక్కుని ఉంటాయని చెప్పాను. "మరి మీ అమ్మవో?" అంది. ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. తనే నా చెవి పట్టుకు చూసి, "నీవి వేలాడుతున్నాయి. మీ నాన్న నుంచి రాలేదంటే మీ అమ్మవే. ఇందులో ఏముందే!" అని నీ గుర్తుగా గీసిన సున్నాలో రాసేసింది. జవాబు ఒప్పే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ నీ పక్కలో పడుకున్నదాన్ని కదా.

నా పాత దుప్పటి పంపు. నాన్న దగ్గు తగ్గిందా? తమ్ముణ్ణి నా సైకిలు ముట్టనివ్వకు. నానమ్మకు దండాలు. చెవి సంగతి జాబులో రాయకు, నువ్వే ఒకసారి వచ్చి చూపించు.

నీ పెద్దది