ముద్ర పడ్డ కారు

అక్టోబర్ 4, శనివారం

ఈరోజూ బేరం చెడింది. జోప్లిన్ నుంచి మొగుడూ పెళ్ళాం వచ్చారు. వెండి రంగు కొరోలాను నడిపి చూశారు. ఆవిడ అప్పుడే వెనక సీట్లో పిల్ల కుర్చీ ఎటు పెట్టాలో చూసుకుంటోంది. ఇది రీబిల్ట్ టైటిల్ అని చెప్పాను. ఆయన చురుక్కుమన్నట్టు బానెట్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. పోసిన కాఫీ అలాగే వదిలేసి వెళ్ళిపోయారు.

ఇన్సూరెన్స్ వాళ్ళు ఇక పనికిరాదని రాసేసిన కారును వేలంలో కొంటాను. నడుం పడిపోయేలా పనిచేసి మళ్ళీ రోడ్డెక్కిస్తాను. రాష్ట్రం వాళ్ళు టైటిల్ మీద, అంటే కారు హక్కు కాగితం మీద, రీబిల్ట్ అని ముద్ర కొడతారు. జైలుకెళ్ళొచ్చిన మనిషిని నాలుగేళ్ళకు మా ఊరు మళ్ళీ చర్చికి పిలుస్తుంది. ఈ ముద్రను మాత్రం ఎవరూ మరిచిపోరు.

అక్టోబర్ 9

ఫోన్లే ఫోన్లు. క్లీన్ టైటిలేనా? కాదండీ. టక్. ఒకడు మాత్రం తీరుబడిగా, అందులో ఎవరైనా పోయారా అని అడిగాడు. వేలంవాళ్ళు చెప్పరు. నాకెలా తెలుస్తుంది?

అక్టోబర్ 15

ఎంత బేరమాడినా అందరూ చివరికి అడిగేది ఒకటే. మీ పిల్లల్ని ఇందులో ఎక్కిస్తారా? ఎక్కిస్తానండీ అంటాను. ఈ పాత కార్ల లాట్ తెరిచినప్పటి నుంచీ అదే అంటున్నాను.

ముద్ర వేసే ముందు ఆఫీసరు రసీదులు చూస్తాడు. తలుపు ఎక్కడ కొన్నావు, ఎయిర్‌బ్యాగ్ ఎక్కడిది, దొంగ సరుకు కాదు కదా. అంతే. డ్రైవర్ వైపు పైకప్పును మోసే పిల్లర్‌కు నేను వేసిన వెల్డింగ్ మరో దెబ్బకు ఆగుతుందా అని అడగడు. దానికి పూచీ నేనే. నా చేతిపని మీద నాకు అనుమానం లేదు.

అక్టోబర్ 22

మా అమ్మాయి మార్లీకి లైసెన్స్ వచ్చింది. భోజనాల దగ్గర ఆ కొరోలా నాకివ్వు నాన్నా అంది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ జోలీన్ అడ్డొచ్చి, నా కూతురు ముద్ర పడ్డ కారు ఎక్కదు అనేసింది. నాకు ఒళ్ళు మండింది. ఈ బల్ల మీద తిండి ఎక్కడిదనుకుంటున్నావు, ఊళ్ళోవాళ్ళ పిల్లలకు పనికొచ్చింది మన పిల్లకు పనికిరాదా అని కేకలేశాను. ఆవిడ గిన్నెలు ఠపాఠపా సింకులో పడేసింది.

మార్లీ మాత్రం నా పక్షమే. నాన్న చేసిన కారే కావాలట. పదహారేళ్ళ పిల్ల నన్ను మెచ్చుకుని ఎంత కాలమైందో. గుండె నిండిపోయింది.

అక్టోబర్ 29

జోలీన్ మాట్లాడ్డం లేదు. నేనూ తగ్గలేదు.

నవంబర్ 3

జోలీన్ ఒప్పుకుంది. పొద్దున కాఫీ కప్పు నా ముందు పెట్టి, "సరేలే లైల్. నువ్వు బాగుందంటే బాగున్నట్టే. తీసుకురా," అంది.

గెలిచాను. ఎందుకో కాఫీ సహించలేదు.

నవంబర్ 4

కారును లిఫ్ట్ ఎక్కించి వెల్డింగ్ చూశాను. బాగుంది.

నవంబర్ 6

ఫ్రేమ్ మళ్ళీ కొలిచాను. బాగుంది.

నవంబర్ 8

పిల్లర్ మీది ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి టార్చ్ వేసి చూశాను. సుత్తితో కొట్టి విన్నాను. తప్పేమీ దొరకలేదు. దొరికితే బాగుండును.

నవంబర్ 12

కొరోలాకు వేయాల్సిన కొత్త టైర్లు ఇంకా రాలేదని మార్లీకి చెప్పాను. వచ్చాయి. షెడ్డులో టార్పాలిన్ కింద దాచాను. కన్నకూతురికి భయపడి టైర్లు దాచుకునే మగాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

నవంబర్ 15, శనివారం

ప్రూయిట్ అనే ఆవిడ వచ్చింది. వృద్ధాశ్రమంలో బట్టలు ఉతికే పని. కూతురు కేలిన్‌ను వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల స్కూలు అయ్యాక వాగు అవతల పిజ్జా షాపులో పనిచేస్తుందట. తల్లికి షిఫ్టు ఉన్న రోజు తీసుకెళ్ళేవాళ్ళు లేరట.

రీబిల్ట్ అని ముందే చెప్పాను. నుజ్జయిన కారు ఫోటో కూడా చూపించాను. ఈసారైనా చెయ్యి వెనక్కి తీసుకుంటారనుకున్నాను. ఆవిడ ఫోటో చూసి, కారు చూసి, నా ముఖం చూసింది.

"మీకూ ఆడపిల్ల ఉందటగా. మీరైతే ఇందులో పంపిస్తారా బాబూ?"

"మా మార్లీకే ఇద్దామనుకున్నానండీ," అన్నాను.

అబద్ధం కాదు. అందుకే నోరు తడబడలేదు. ఆవిడకు ఆ ఒక్క మాట చాలింది, సంతకం పెట్టేసింది. దాచిన టైర్లు నేనే బిగించి ఇచ్చాను. కేలిన్ వెళ్తూ వెళ్తూ హారన్ కొట్టింది.

ఇంటికొచ్చి కారు అమ్ముడుపోయిందని చెప్పాను. మార్లీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. జోలీన్ సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మరి నాతో అంత గొడవెందుకు పెట్టుకున్నావయ్యా?" అంది. కుక్కను తీసుకుని బయటికి పోయాను.

నవంబర్ 25

స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళి మార్లీకి కారు కొన్నాను. క్లీన్ టైటిలేనా అని రెండుసార్లు అడిగాను. మీరేం చేస్తుంటారు సార్ అన్నాడు సేల్స్‌మన్. కంచెలు కడతానని చెప్పాను.

మార్లీ థాంక్స్ చెప్పింది, పక్కింటివాళ్ళకు చెప్పినట్టు. ఇప్పుడు శనివారాలు లాట్‌కు రావడం లేదు.

డిసెంబర్ 6

పిజ్జా షాపు మీదుగా వచ్చాను. నాకది దారి కాదు. కొరోలా అక్కడే ఉంది, సొట్టలు లేకుండా. ఆకలి లేకపోయినా ఒక పిజ్జా కొన్నాను.

డిసెంబర్ 19, సాయంత్రం

వాన పడుతూనే రోడ్డు మీద గడ్డకట్టేస్తోంది. మార్లీ ఇంట్లోనే ఉంది, పై గదిలో. ప్రూయిట్ గారికి ఫోన్ చేసి అమ్మాయి వచ్చిందా అని అడిగాను. ఇంకా రాలేదు, మీరెవరండీ అంది. పేరు చెప్పలేకపోయాను. ఒక ఆడపిల్ల తండ్రినని చెప్పి పెట్టేశాను.