ఎలుగు తాత ఒళ్లో

బాబుపేట్, చంద్రాపూర్
18 ఏప్రిల్ 1996

చి. మాధురికి మేనత్త కాంతమ్మ రాసేది. ఆశీస్సులతో మొదలుపెట్టడం మర్యాద కనుక ఆశీస్సులు. మనసులో మాత్రం ఒక్కటీ లేదు. నీకు తెలుగు చదవడం రాదు కదా, మీ అమ్మతో చదివించుకో. మా వదిన కూడా వినాల్సిందే.

నా కొడుకు కూతురు కోమల వారం రోజులుగా ఆసుపత్రిలో ఉంది. ఎలుగుబంటి ముఖం మీద పంజా విసిరింది. ఎడమ కన్ను ఇక రాదన్నారు డాక్టర్లు. తొమ్మిదేళ్ల పిల్ల!

చిన్నప్పుడు నీకు ముద్దలు తినిపిస్తూ ఎలుగు తాత కథలు చెప్పిందెవరు? నేను. అడవి పిల్లలందరికీ బుద్ధులు చెప్పే ఆ తాత ప్రతి కథ చివరా ఏమనేవాడు? ఇప్పపూలకొస్తే దూరంగుండే చప్పట్లు కొట్టుండ్రి, తాతా వస్తున్నం అని కేకెయ్యుండ్రి, నేనే తొలుగుత, నా దగ్గరికి మాత్రం రాకుండ్రి అనేవాడు. మా అమ్మమ్మల నాటి మాట అది. తాత తెలివంతా అందులోనే ఉంది. నాగ్‌పూర్‌లో పంతులమ్మవై, మరాఠీలో ఆ కథల రంగుల పుస్తకం వేయించి, సరిగ్గా ఆ మాటే తీసేశావు! తాతకు కళ్లద్దాలు పెట్టావు. పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టావు. ఏందత్తా, పిల్లలు బెదిరే మాటలెందుకు అని ఫోన్‌లో నవ్వావు కూడా. నీ నవ్వు తగలెయ్య.

సెలవులకు కోమల రాజురా అవతల అమ్మమ్మ ఊరికి పోయింది. పోయిన గురువారం తెల్లవారుతుండగా అందరితో పాటు ఇప్పపూలు ఏరడానికి వెళ్లింది. చెట్టు కింద ఎలుగు తల వంచి పూలు తింటోంది. పెద్దవాళ్లు ఆగి చప్పట్లు కొట్టేలోపే కోమల తాతా అంటూ చేతులు చాచి ఉరికిందట. వాళ్ల తాత బాపయ్య గొడ్డలి తిప్పుతూ అరిస్తే గానీ ఆ జంతువు వదల్లేదు.

ఆ పుస్తకం ఇంకో పిల్ల చేతికి పోకూడదు. అమ్మడం ఆపించు. తాత మాట తిరిగి అచ్చు వేయించు. అందాకా నా గడప తొక్కకు. పండ్లు పట్టుకొచ్చి ఏడవకు. కడుపులో లేనిది కౌగిలించుకుంటే రాదు.

ఇట్లు,
నీ మీద మండిపడుతూ,
మీ నాన్న చెల్లెలు
కాంతమ్మ

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఊరికి పోయే ముందు రోజు కోమల పుస్తకం తెచ్చి, నానమ్మా, తాత నిజంగ ఒళ్లె కూసోబెట్టుకుంటడా అని అడిగింది. మొదటి పేజీలో, కథ చెప్పిన మా అత్త కాంతమ్మకు అని నా పేరు అచ్చయి ఉంది కదా, వాడకట్టంతా చూపించుకుని మురిసిపోతున్న రోజులవి. అవు బిడ్డా, మంచి పిల్లలను కూసోబెట్టుకుంటడు అన్నాను.

నిన్న కట్టు మార్చాక అది నా చెయ్యి పట్టుకుని, నేను మంచి పిల్లను కానా నానమ్మా అని అడిగింది. దానికి మనిద్దరం కలిసి జవాబు చెప్పాలి మాధురీ. ఉత్తరం అందగానే బస్సెక్కు.